పులిసిన మైదాకు

నా చిన్నప్పుడు నేను పదమూడు దినాలు పోచమ్మ తల్లినయిన. అబద్ధం కాదు. మా నాయిన నా ముంగట చేతులు కట్టుకొని నిలవడి, "తల్లీ, ఏం కావాలె?" అని అడిగిండు. అంతకు నెల ముందే, దూడను ఇడిచిపెట్టి బర్రె పాలన్నీ తాగిపిచ్చిన్నని అదే నాయిన నా ఈపు మీద చింతబరికె ఇరగ్గొట్టిండు. ఆ పదమూడు దినాల సుఖానికి నా కనుబొమ్మ సగం పోయింది, రెప్ప ఎంటికలు పోయినయి, జబ్బ మీద ఉసిరికాయంత గడ్డ మిగిలింది. కన్ను గూడ పోవాల్సిందే. అదెందుకు పోలేదో చెప్తందుకే ఈ ముచ్చట. నాకు నా పేరు రాసుకునుడు వరకే వస్తది. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తున్నది. నడుమ నడుమ నవ్వుతున్నది. ముందుగాల రాయి బిడ్డా, తర్వాత నవ్వుదువు.

మాది కోహీర్ దిక్కు ఎర్రమన్ను ఊరు. ఇంట్ల నాయిన, అమ్మ, నాకంటే రెండేండ్లు పెద్ద అక్క, అమ్మ ఒడిల మూడు నెలల తమ్ముడు, ఇంకా మా మేనత్త. మేనత్త మా నాయినకు పెద్దక్క. పెండ్లయిన నాలుగేండ్లకే మొగడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. ఆమెకు ఐదేండ్లప్పుడు అమ్మవారు పోసింది. గా రోజుల్ల మశూచిని రోగం అనకపోదురు, తల్లి వచ్చింది అందురు. ఆ తల్లి వచ్చి పోయేటప్పటికి మా అత్త మొకం నిండ గుంతలు, ఎడమ కన్ను ఉడకవెట్టిన గుడ్డు లెక్క తెల్లగ అయింది. గని ఆమె నోరు మాత్రం సల్లగుండ, దానికేం కాలేదు. "నా మొకం మీద ఆ తల్లి ఇత్తులు ఇత్తి పోయింది, ఒక్కటి సుత మొలువలే" అని ఆమెనే చెప్పి ఆమెనే నవ్వేది. ఆమె నవ్వితే మనం నవ్వాల్నా వద్దా తెల్వకపోయేది.

నాకు ఏడేండ్లున్నప్పుడు ఊర్లెకు టీకాలాయన వచ్చిండు. సైకిల్ మీద, ఒక డబ్బా పట్టుకొని. ఆయన వచ్చిండన్న మాట ఇని ఊరు ఊరే ఖాళీ అయింది. రాత్రిపూట ఒక్కలే చెరుకుకు నీళ్ళు కట్టెటందుకు పోయే మొగోళ్ళు గూడ అదే చెరుకులకు ఉరికి దాక్కున్నరు. నేను జొన్నల గుమ్మిల దూకిన. గుమ్మి అంటే ఎదురు బద్దలతోటి అల్లి పేడ పూసిన పెద్ద బుట్ట, మనిషంత ఎత్తు ఉంటది. జొన్నల దుమ్ము ముక్కులకు పోయి తుమ్మిన. తుమ్మంగనే మీదికెళ్ళి ఒక చెయ్యి వచ్చి నా జడ పట్టుకున్నది. "కోడలా, గుమ్మిల జొన్నలుంటయి. నువ్వెందుకున్నవు?" అనుకుంట మా అత్త నన్ను బయటికి గుంజింది.

టీకాలాయనకు సాయంగ ఎవ్వలు రాలేదు. మా అత్తనే పోయి ఆయన పక్కకు గోనెసంచి ఏసుకొని కూసున్నది. పిల్లల తల్లులు గుంపుగ దూరంగ నిలవడ్డరు. అత్త కొంగు వెనుకకు ఏసి మొకం ఆ దిక్కు తిప్పింది. "నా అసుంటి అందం మీ బిడ్డలకు గూడ కావాల్నంటే ఇంటికి తోల్కపోన్రి. వద్దంటే చెయ్యి పట్టుకొని రాన్రి" అన్నది. ఇంకో మాట చెప్పలే. ఒక్కొక్కలు జరిగి జరిగి వచ్చిన్రు. ఆయన పిల్లల జబ్బ మీద మందు చుక్క ఏసి, పిడి ఉన్న ఇనుప బిళ్ళను ఆనిచ్చి గిర్రున తిప్పెటోడు. బిళ్ళ అంచుకు సన్న సన్న పండ్లు. నాకు రెండు తావుల తిప్పిండు. నేను ఆయన చెయ్యి కొరికిన. ఆయన గూడ ఏడ్సినంత పని చేసిండు.

నాలుగు దినాలకు టీకా ఏసిన కాడ ఎర్రగ లేసి, నీళ్ళ పొక్కు అయింది. మా ఊర్ల ఇగ ఎవ్వలకు అనుమానం లేదు. టీకా అన్నది పేరుకే, ఆ పొక్కుల వచ్చింది తల్లే. చిన్న రూపంల వచ్చింది, అంతే. తల్లి వచ్చిన ఇంట్ల పోపు పెట్టొద్దు, నూనె మరుగొద్దు, గట్టిగ అరువొద్దు, పిల్లను కొట్టొద్దు. గడపకు యాపాకు కట్టిన్రు. నన్ను తెల్ల చీర పరిచిన మంచం మీద పండవెట్టిన్రు. పెరుగన్నం, బెల్లం, కొబ్బరి, సల్లటి మజ్జిగ. మా అక్కకు గూడ పక్క మంచం. పొద్దున లేస్తే బర్రెలెనుక తిరిగే మమ్ములను మొత్తం వాడకట్టు కొంగు పట్టుకొని మొక్కి పోవుడు! నాయిన వచ్చి ఏం కావాలె తల్లీ అన్నప్పుడు నేను ముందు ఇటు అటు చూసిన, నా ఎనుక ఇంకెవలన్న ఉన్నరేమో అని. ఎవ్వలు లేరు. "బెల్లం" అన్న. తెచ్చిండు. "ఇంకా" అన్న. ఇంకా తెచ్చిండు. ఆ దినం నాకు లోకం తీరు సమజయింది.

తొమ్మిదో దినం మా అక్క పొక్కు ఎండి పెచ్చు కట్టింది. ఆమెకు పసుపు నీళ్ళు పోసిన్రు, తల్లిని సాగనంపిన్రు, అదే మధ్యాహ్నం ఆమె చేతికి కట్టె ఇచ్చి బర్రెల కాడికి తోలిన్రు. నేను మంచం మీదికెళ్ళి చూసుకుంటనే ఉన్న. అప్పటిదాంక మొక్కిన నాయిన, "దున్నపోతు లెక్క పండుడు అయిపోయిందా?" అని ఆమెను అదిలిచ్చిండు. నా జబ్బ చూసుకున్న. ఒక పొక్కు ఎండుతున్నది.

గప్పుడు నేను చేసిన పని చెప్తే ఇప్పటికి సిగ్గయితది. ఎవ్వలు లేనప్పుడు ఆ పెచ్చును గీరిన. ఎండిందాన్ని పచ్చి చేసిన. పచ్చిగ ఉన్నన్ని దినాలు నేను తల్లినే గదా. దురద గూడ మస్తుగ ఉండె, గీరుతుంటే పానం సల్లగయ్యేది. గీరిన చెయ్యితోటే మొకం తుడుచుకున్న, కండ్లు నలుసుకున్న, బెల్లం తిన్న. ఇంకో నాలుగు దినాలు గట్ల నడిచింది. ఒక దినం పొద్దున లేస్తే కనుబొమ్మల పొక్కు. మీద రెప్ప మీద ఇంకోటి. అమ్మ యాపకొమ్మ కింద పడేసి, "తల్లి పెద్దగయింది" అని దండం పెట్టింది. నేను లోపల లోపల ఖుషయిన. ఇంకో నెల బెల్లం అనుకున్న. మాపటాల్ల వరకు కన్ను మూసుకపోయింది. మొకం సగం వాచి, కాలిన రొట్టె లెక్క ఉబ్బింది. అప్పుడు ఖుషీ పోయి ఏడ్పు వచ్చింది.

మా అత్త పొలం కాడికెళ్ళి వచ్చి నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకొని గోర్లు చూసింది. గోర్ల కింద పెచ్చులు, ఎండిన రసి. నా మొకం చూసింది. నేను తల వంచుకున్న. ఆమెకు సమజయిందని నాకు సమజయింది. నాయినకు చెప్తే చింతబరికెలు ఎన్ని ఇరుగుతయో అని నా పానం పోతున్నది. అత్త మా నాయిన దిక్కు తిరిగి, "దీని గోర్లు పెరిగినయి తమ్మీ. ఇది తల్లి కాదు, గోర్లు చేసిన పని. బండి కట్టు" అన్నది. అంతే. గీరింది నేను, తప్పు గోర్లది. ఆ మాట ఆమె చచ్చిపోయేదాంక మార్చలే.

జహీరాబాద్ దవాఖానల డాక్టర్ రెప్ప ఇప్పి లైటు ఏసి చూసిండు. టీకా మందు బతికున్న మందు, పొక్కుల నుంచి ఏలికి అంటి, ఏలి నుంచి కంటికి పోయిందన్నడు. ఇంకా నల్లగుడ్డు మీదికి పోలే, పోతే కన్ను దక్కదన్నడు. చుక్కల మందు ఇచ్చిండు. "మందు నేనిస్త. చెయ్యిని మాత్రం మీరే ఆపాలె. తొమ్మిది పది దినాలు ఒక్క ఏలు గూడ కంటికి తగులొద్దు" అన్నడు. ఇంట్ల చంటిపిల్లగాడున్నడని ఇని, అమ్మను నా దగ్గరికి రానియ్యొద్దన్నడు, పసిగుడ్డుకు అంటుతదట. మరి ఎవలు చూస్తరు అంటే మా అత్త ముందుకు వచ్చింది. ఆయన ఆమె మొకం చూసి, "ఈమెకు పెద్దదే వచ్చి పోయింది, ఇది ఏం చెయ్యది. ఈమెనే చూసుకోవాలె" అన్నడు. ఆ మొకం ఒక పనికి వచ్చిందని ఆమెకు గర్వమయింది. ఊరు దాంక బండిల కొంగు కప్పుకోకుండనే కూసున్నది.

ఏడేండ్ల పిల్ల చెయ్యి ఆపుడు అంటే మాటలా? నాయిన నులకతాడు తెచ్చి నా రెండు చేతులు మంచం పట్టెకు కట్టిండు. నేను ఒర్రిన. ఊరంత ఒర్రిన. తాడుల నుంచి చెయ్యి సన్నగ చేసి గుంజుకున్న. మల్ల కడితే జబ్బకు కన్ను రుద్దుకుందామని మెడ తిప్పిన. అదీ పట్టుకుంటే దర్వాజ కాడికి ఉరికి, చౌకట్టుకు మొకం ఆనిచ్చి బర్రె రుద్దుకున్నట్లు రుద్దుకోబోయిన. అత్త గబుక్కున తన చెయ్యి అడ్డం పెట్టింది, నా మొకం ఆమె చేతికి తాకింది. ఆమె అట్లనే నా తల పట్టుకొని నిలవడ్డది. "నా ఎడమ దిక్కుకెళ్ళి ఎవలొచ్చినా నాకు తెల్వది బిడ్డా. మా నాయిన వచ్చినా తెల్వలే, యముడొచ్చినా తెల్వది" అన్నది మెల్లగ. మల్ల తాడు ఇప్పేసింది. నాయిన పరేషానయి, "ఏం చేస్తున్నవక్కా!" అంటే, "కడితే ఇది ఇంకా గుంజుతది. నీ బిడ్డ గదా" అన్నది.

తెల్లారి నేను లేసేసరికి అత్త నాకు ఈపు చూపించుకుంట రోటి కాడ కూసోని ఏదో నూరుతున్నది. వాసన వచ్చింది. మైదాకు. ఆషాఢం కాదు, పండుగ లేదు, ఎండలు మండుతున్నయి. "ఎవలకత్తా?" అన్న. "ఎవలకో. నీకు కాదు" అన్నది, తిరిగి సుత చూడలే. నాకెందుకు కాదన్న. "నీ చేతులు దీనికి పనికిరావు. నిమిషం ఊకుండయి. ఇది మామూలు ఆకు కాదు, తొమ్మిది దినాలు తియ్యకుండ ఉంచితే పటేల్ ఇంటి కోడలి చేతులకు గూడ పండనంత ఎర్రగ పండుతది. నీకెందుకు, మీ అక్కకు పెడత" అన్నది. మా అక్క పేరు చెప్పంగనే నేను మంచం దిగిన. రెండు చేతులు చాపి ఆమె ముంగట కూసోని బతిలాడిన. ఆమె చాన సేపు ఒప్పుకోలే. నడుమ నడుమ చూపుడేలు ఆడిచ్చి, కదిలితే ఇరిగి పోతది, గీరితే నల్లబడి పోతది, తియ్యమంటే మొదటికి వస్తది అని షరతులు పెట్టింది. నేను అన్నిటికి తల ఊపిన. ఇప్పుడు ఆలోచిస్తే, కోర్టుల వకీళ్ళు గూడ అట్ల ఒప్పందం రాపియ్యరు.

అరచేతులకు, ఏళ్ళ నడుమ, మణికట్టు దాంక మైదాకు మెత్తి, మీదికెళ్ళి మోదుగాకులు సుట్టి, పాత చీర గుడ్డ కట్టింది. నా చేతులు రెండు సద్దిమూటలయినయి. వాటితోటి ఏమీ పట్టుకోరాదు, ఏమీ గీరరాదు. రోజు పొద్దున ఇప్పి, చూసి, "ఊహూ, ఇంకా పండలే" అని పెదవి ఇరిచి, మల్ల కొత్తది పెట్టేది. తినిపిచ్చుడు ఆమెనే, నీళ్ళు తాపిచ్చుడు ఆమెనే. మిగిలిన పనులు ఎట్లయినయో అడుగకున్రి, అవి గూడ ఆమెనే చేసింది. దురద వచ్చి నేను మెలికలు తిరిగితే యాపకొమ్మ నీళ్ళల్ల ముంచి ఇసిరేది. "దురద అంటే సుట్టమే కోడలా. పట్టించుకోకపోతే జర సేపు కూసోని అదే పోతది" అనేది. నా ముక్కు మీద ఈగ వాలితే కొట్టుమని మా అక్కకు చెప్పింది. అక్క బర్రెల కాడి కోపమంత తీర్చుకున్నది. ఈగ ఎగిరిపోయినంక గూడ రెండు సార్లు కొట్టింది.

ఐదో దినం పక్కింటామె వచ్చి లొల్లి పెట్టింది. "మా కంచెకున్న మైదాకు చెట్టుకు ఒక్క ఆకు లేదు. నేను మేకలు తిన్నయని మేకలోన్ని తిట్టిన. ఆ మేకవు నువ్వా వదినె?" అన్నది. ఆరో దినం నాకు పెట్టిన ఆకు వాసన ఎందుకో తీరుగ లేదు. ఎవ్వలు లేనప్పుడు మూటకు మూతి పెట్టి నాకిన. పుల్లగ ఉన్నది. అత్త రాంగనే "మైదాకు పుల్లగున్నదేందత్తా?" అని అడిగిన. ఆమె ఒక్క రెప్ప గూడ కొట్టలే. "పులిసింది. పులిస్తేనే లోపలికి దిగి పండుతది. మజ్జిగ పులువదా? పిండి పులువదా? గట్లనే. నాకకు, రంగు తక్కువయితది" అన్నది. నేను నమ్మిన. ఇంకా గర్వమయింది, ఊర్ల పులిసిన మైదాకు పెట్టుకున్నది నేనొక్కదాన్నే అని.

ఇదంత నవ్వులాటే, గని ఒక సంగతి నేను గప్పుడు సగమే చూసిన. మొగడు పోయిన ఆడిమనిషి మైదాకు పెట్టుకోవద్దు. మా అత్త పెట్టుకోలే. నూరింది, ఎత్తింది, నా చేతులకు మెత్తింది. నాలుగైదు దినాలు గట్ల చేస్తే ఆకుకేం తెలుసు ఇది ఎవలకు పండాల్నో, ఎవలకు పండొద్దో? ఆమె అరచేతులు, ఏళ్ళు ఎర్రగ పండినయి. బాయి కాడ ఒకామె చేద గుంజుకుంట, "మొగడు పోయినదానికి చేతులకు సింగారమేందమ్మా!" అన్నదట. మా అత్త చేతులు రెండు ఇటు అటు తిప్పి చూసుకొని, "ఓ, పండినయా? నాకు ఒక కన్ను లేదు గదా, కనవడలే" అన్నదట. బాయి కాడున్నోళ్ళంత నవ్విన్రట, అన్నామె గూడ నవ్విందట. ఈ ముచ్చట మా అక్క వచ్చి చెప్తే మంచం మీద నేను సుత నవ్విన. అదే పొద్దుగూకేటప్పుడు, పెరట్ల బట్టల బండ కాడ అత్త ఒక్కతే కూసున్నది. ఎవ్వలు చూస్తలేరనుకున్నది. బూడిద, చింతపండు పట్టుకొని అరచేతులు బండకేసి రుద్దుతున్నది. తోలు లేసేటట్లు రుద్దుతున్నది. నేను ఒక్క కన్నుతోటి చూస్తున్న. నవ్వు ఎటు పోయిందో పోయింది. తెల్లారి మల్ల రోటి కాడ కూసోని, ఆ గీరుకపోయిన చేతులతోటే నాకు ఆకు నూరింది. చింతపండు రుద్దిన చేతులకు ఆ పులుపు ఎంత మండిందో నాకేం తెలుసు గప్పుడు. ఎర్రగ పండుతదా అత్తా, అని అడిగిన. "పండక ఏం చేస్తది" అన్నది.

పదో దినం దవాఖానకు పోయినం. వాపు దిగి కన్ను సగం తెరుచుకున్నది. డాక్టర్ నా మంచి కన్ను మూసి, చెయ్యి ఎత్తి, ఎన్ని ఏళ్ళు అని అడిగిండు. మా నాయిన మొకం తెల్లగయింది. అత్త గోడకు ఆనుకొని నిలవడి, కొంగు నోట్ల పెట్టుకున్నది. నేను చూసిన. మసక మసకగ, మల్ల జర తేటగ. "మూడు. నీ ఉంగరం ఎండిది. ఒంకరయింది" అన్న. డాక్టర్ ఉంగరం చూసుకొని నవ్విండు. అత్త నవ్వలే. బయటికి పోయి ముక్కు చీది వచ్చింది. ఆ తర్వాత ఆయన నా చేతుల మూటలు ఇప్పిపిచ్చిండు. పచ్చటి ముద్ద రాలి పడింది. నా చేతులు మణికట్టు దాంక జామురాతిరి రంగుకు తిరిగిన ఎరుపు. "ఎవలు నేర్పిన్రు ఈ వైద్యం?" అని ఆయన అడిగితే, "ఎవలు నేర్పలే సార్. తాడు తెగుతది గని ఆడపిల్ల ఆశ తెగది" అన్నది మా అత్త.

ఇంటికొచ్చినంక పసుపు నీళ్ళు పోసిన్రు. యాపాకు తీసేసిన్రు. ఇన్నాళ్ళకు పోపు పెట్టి అమ్మ చింతచిగురు పప్పు చేసింది. మొదటి బుక్క నోట్ల పెట్టుకొని నేను ఆగిపోయిన. నాకు బాగ ఎరుకయిన పులుపు. "అమ్మా, పప్పుల మైదాకు ఏసినవా?" అన్న. ఒక్క నిమిషం ఎవ్వలకు సమజకాలే. మా అత్త మాత్రం గోడ దిక్కు తిరిగి, భుజాలు ఎగిరేటట్లు నవ్వింది. నాలుగు దినాలు నేను చేతులకు పెట్టుకున్నది పప్పుల చిగురు. నాయిన నవ్వి నవ్వి పొలమారిండు. తెల్లారి నా చేతికి కట్టె ఇచ్చి బర్రెల కాడికి తోలిండు.

కన్ను దక్కింది గని, ఆ టీకా నన్ను ఇడిచిపెట్టి పోలేదు. కుడి కనుబొమ్మ సగం నుంచి మొలువలే. పెండ్లికి నన్ను చూడవచ్చినప్పుడు మా అత్త కాటుకతోటి మిగిలిన సగం దిద్దింది, చెమటకు అది కారి చెంప మీదికి వచ్చింది. పిల్లగాడు ఒక్కటే అడిగిండు, రెండు కండ్లు కనిపిస్తయా అని. నేను తల ఎత్తకుండనే "నీ అంగీకి మూడో గుండీ లేదు" అన్న. ఆయననే చేసుకున్న. పెండ్లయినంక ఆయన, "నీ కనుబొమ్మ మన ఊరి బాట లెక్కనే, సగం దాంక వచ్చి ఆగిపోయింది" అని ఏడిపిచ్చెటోడు. రెప్ప ఎంటికలు లేక గాలి తాకితే ఆ కన్ను నీళ్ళు కారుతది. సుట్టాల పెండ్లిల అందరు నన్ను చూసి, పిల్ల మీద ఎంత పానమో అనుకుంటరు. మా ఇంటాయన పోయిన దినం నాకు ఏడ్పు రాలే, రాయి లెక్క అయిపోయిన. ఆ ఒక్క కన్నే నా బదులు ఏడ్సింది. ఊరోళ్ళు మెచ్చుకున్నరు.

జబ్బ మీద మచ్చ అందరికి పైస బిళ్ళంత గుంత ఉంటది. నేను గీరిన కాడ గడ్డ లేసింది, ఎరుపు తిరిగి, మెరుసుకుంట. మబ్బు పట్టే ముందు అది దురద పెడతది. మా కాడ అల్లం తవ్వెటోళ్ళు కూలోళ్ళను పిలిచే ముందు, "అక్కా, నీ చెయ్యి ఏమంటున్నది?" అని అడిగి పోతరు. ఒకసారి దురద లేదన్న, వాన కొట్టింది. అల్లం తడిసినాయన వారం దినాలు నాతోటి మాట్లాడలే. తర్వాత ఎరుకయింది, ఆ దినం నేను గడ్డకు కొబ్బరి నూనె రాసుకున్న.

పోయిన ఎండాకాలం దురద ఎక్కువయితే మనవరాలు నన్ను జహీరాబాద్ల తోలు డాక్టర్ కాడికి తీస్కపోయింది. ఆ డాక్టర్ చిన్న పిల్ల. టీకా పొక్కు కంటికి పాకిన సంగతి పుస్తకంల చదివిందట, మనిషిల ఎన్నడు చూడలేదట. ఎన్నేండ్ల నుంచి ఉన్నదమ్మా అంటే, నీ అమ్మ పుట్టకముందు నుంచి అన్న. నా కనుబొమ్మకు, జబ్బకు ఫోటోలు తీసుకున్నది. ఇన్నేండ్లకు నాకు ఫోటో తీసుకునే అందం వచ్చింది. గీరిన కాడ తోలు ఎక్కువ పెరిగిపోతది కొందరికి, అది పోదు, మందు రాస్తే దురద తగ్గుతదని చెప్పింది. కంటి దాంక పోయినోళ్ళకు చాన మందికి చూపు పోయిందట. "నీ చేతులు పట్టుకున్నోళ్ళు ఎవలో గని గట్టోళ్ళమ్మా" అన్నది. పట్టుకోలే బిడ్డా, ఇడిచిపెట్టింది, అని చెప్దామనుకున్న. ఎనుక ఇంకా పది మంది లైనుల ఉన్నరు.

మా అత్తను నేను ఒకసారి అడిగిన, టీకా ఏపియ్యకపోతే ఇవేం కాకపోవు గదా అని. ఆమె నా సగం కనుబొమ్మ మీద ఏలు పెట్టింది, తర్వాత తన తెల్ల కన్ను మీద పెట్టుకున్నది. "నీకు వచ్చింది పిల్ల, నాకు వచ్చింది తల్లి. ఎవలింట్ల ఎంత మిగిలిందో చూసుకో" అన్నది. కరోనా సూది వచ్చినప్పుడు మా వాడకట్టుల అందరి కంటే ముందు పోయి కూసున్న నేను. ఏసినంక రెండు చేతులు ఒళ్ళె పెట్టుకొని, ఆ తావుకు ఏలు గూడ తాకియ్యలే.

ఇంటాయన పోయినంక దురదలు వేరేటివి వచ్చినయి. పొద్దున లేస్తే గుండెల్ల ఏదో గీరమంటది, పాతవన్నీ తోడి పచ్చి చెయ్యమంటది. గప్పుడు నేను చేతులకు పని చెప్పిన. ఇంకొకల పని. పక్కింట్ల చంటిదానికి నూనె రాసుడు, ఎవలకన్న జొన్నరొట్టె చేసిచ్చుడు. జర సేపు కూసోని ఆ సుట్టం అదే పోయేది.

ఈ ఆషాఢంల మనవరాలు దుకాణంల కోన్ తెచ్చుకుంట అన్నది. వద్దన్న. కంచె ఎంబడి తిరిగి ఆకు తెంపుకొచ్చి, రోట్ల నూరి, దాని రెండు చేతులకు నిండ పెట్టిన. తెల్లారి ఎదురింటామె పాలప్యాకెట్టు తీసుకుంట నా అరచేతుల దిక్కు చూసింది, మొకం దిక్కు చూసింది, మల్ల చేతుల దిక్కు చూసింది. నేను బూడిద దిక్కు పోలే. రెండు చేతులు ఎండకు పెట్టి తిప్పి చూసుకున్న. మంచిగ పండినయి.

"ఓ, పండినయా?" అన్న. "గాలికి కన్ను కారుతున్నదమ్మా, కనవడలే."